చూసొచ్చినవాళ్ళ జార్జ్ టౌన్

మన సంఘాల సావనీర్లలో యాత్రా వ్యాసం లేని సంచిక అరుదు. ఆగ్నేయాసియా మీద వచ్చేవాటిలో మలేషియాలోని పినాంగ్ దీవి, ఆ దీవిలోని జార్జ్ టౌన్ నగరం తరచుగానే తగులుతుంటాయి. ఇండియా వెళుతూనో వస్తూనో సింగపూరులో ఆగి, పిల్లలతో మూడు రోజులు పినాంగ్ తిరిగొచ్చినవాళ్ళు రాసేవి అవి. అలాంటివి ఓ పది చదివితే పదకొండోది మనమే రాసేయొచ్చు. ఇసకవేస్తే రాలని జనం ఉంటారు. గుడి గంట, మసీదు బాంగు, చైనా గుడిలో అగరొత్తుల పొగ ఒకే పేరాలో వస్తాయి. అరిటాకు భోజనం దొరికిందన్న సంబరం ఉంటుంది. ఎక్కడో ఒకచోట "అచ్చం మన ఊరిలాగే ఉంది, కాకపోతే శుభ్రంగా ఉంది" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది.

ఈ వాక్యం మీదే నా పేచీ. దాన్ని రాసినవాళ్ళు జార్జ్ టౌన్ పక్కన తమ చిన్ననాటి బజారుని నిలబెట్టి మార్కులు వేశారు. వేసి, ఊరిలో ఇంకేమీ అడగకుండా తిరిగొచ్చేశారు. అంతమంది అక్కడ ఎందుకున్నారు, ఎవరి ఇళ్ళలో ఉన్నారు, నిన్న ఉన్నవాళ్ళు ఇవాళ ఏమయ్యారు అన్న ప్రశ్న ఈ వ్యాసాల్లో నాకు దాదాపు కనపడలేదు.

మనవాళ్ళని మాత్రమే అనడం న్యాయం కాదు. ఈ పద్ధతి తెల్లవాళ్ళు వేసిన బాటే. ఫ్రాన్సిస్ లైట్ 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఆ దీవి మీద జెండా పాతి, మూడో జార్జి రాజు పేరు పెట్టిన ఊరిది. తరవాత వచ్చిన ప్రతి యాత్రికుడూ జాతుల జాబితా రాసుకున్నాడు. 1879లో ఆ ప్రాంతమంతా తిరిగిన ఇసబెల్లా బర్డ్ రాసిందీ, 1889లో రంగూన్ నుంచి సింగపూరు వెళుతూ ఆగిన కిప్లింగ్ రాసిందీ చదవండి. చైనావాళ్ళు ఇలా, మలైవాళ్ళు ఇలా, క్లింగులు ఇలా అంటూ సాగుతుంది. బర్డ్ చూపు చురుకైనదే, వాక్యం అందమైనదే. అయినా ఆమెకి జనం బట్టలు, రంగులు కనపడ్డంతగా వాళ్ళ అద్దెలు, అప్పులు కనపడలేదు. మన వ్యాసకర్తలు ఆ జాబితాలోంచి అహంకారం తీసేసి, దాని చోట "భిన్నత్వంలో ఏకత్వం" పెట్టారు. జాబితా అలాగే ఉంది.

ఆ జనసమ్మర్దం ఎలా పుట్టిందో చూద్దాం. జార్జ్ టౌన్ పాతబస్తీలో ఇల్లూ అంగడీ ఒకటే. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు ఎక్కువ. నడుమ ఆకాశం కనపడేలా తెరిచిన జాగా, అందులోకి వాన నీళ్ళు పడతాయి. మండువా లోగిలి ఎరిగినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు, కానీ ఏ వ్యాసంలోనూ ఆ మాట చూడలేదు నేను. ముందు వసారాని కాకిలీమా అంటారు, అంటే అయిదడుగుల దారి. బాటసారి ఎండకీ వానకీ తడవకుండా ప్రతి ఇంటి ముందూ కప్పుతో ఓ దారి వదలాలని రాఫెల్స్ 1822లో సింగపూరుకి వేసిన పట్టణ ప్రణాళికలో నియమం ఉంది. చుట్టుపక్కల బ్రిటిష్ రేవుల్లోనూ అదే అలవాటు పాకింది. ఆ దారిలోకి దుకాణం సామాను జరిగి, నడిచేవాళ్ళు రోడ్డు మీదకి దిగుతారు. మనవాళ్ళు ముచ్చటపడే ఆ కిటకిటలో సగం ఇదే.

రెండో సగం ఒక చట్టం. యుద్ధానికి ముందునాటి, అంటే 1948కి ముందు కట్టిన ఇళ్ళకి అద్దె పెంచకూడదని మలేషియాలో 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం చెప్పింది. అద్దె తక్కువ కాబట్టి ఇంటివాడు మరమ్మతు చేయించడు. అద్దెకున్నవాడిని లేపలేడు కాబట్టి ఇల్లు పడగొట్టి మేడ కట్టలేడు. అసలు అద్దెదారు గదుల్ని చెక్కలతో విడగొట్టి మళ్ళీ అద్దెకిస్తాడు. ఒక్క ఇంట్లో నాలుగైదు కాపురాలు. చాపలల్లేవాడు, వెండిపని వాడు, అగరొత్తులు చుట్టేవాడు అన్నేళ్ళు నగరం నడిబొడ్డున నిలవగలిగారంటే ఆ చౌక అద్దె పుణ్యమే. 1997లో చట్టాన్ని రద్దు చేశారు. 2000 జనవరి ఒకటిన గడువు తీరింది. అద్దెలు ఒక్కసారిగా లేచాయి. ముసలివాళ్ళు, చేతిపనివాళ్ళు సామాను సర్దుకుని దూరపు అపార్టుమెంట్లకి వెళ్ళారు. ఖాళీ అయిన ఇళ్ళలో కొన్నిటిని యజమానులు పక్షులకిచ్చారు! చైనావాళ్ళు సూపులో వాడే గూళ్ళు కట్టే పిట్టలవి. రికార్డు చేసిన కిచకిచలు స్పీకర్లలో వేసి పిలిచేవారు. వారసత్వ పరిధిలో ఆ పెంపకాలని ప్రభుత్వం తరవాత తీయించింది.

2008 జులైలో మెలకాతో కలిపి జార్జ్ టౌన్‌కి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ముఖ్య పరిధి దాదాపు 109 హెక్టార్లు, మన లెక్కలో 270 ఎకరాలు. 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే లిథువేనియా చిత్రకారుడు ఆర్మీనియన్ వీధి గోడ మీద ఇద్దరు పిల్లల బొమ్మ గీసి, నిజం సైకిలుని దానికి ఆనించాడు. ఇవాళ ఆ సైకిలు దగ్గర ఫొటోకి క్యూ ఉంటుంది. మన వ్యాసాలన్నిటిలోనూ ఆ ఫొటో ఉంది, పిల్లల తలలు మారతాయంతే. దాని కింద "పాతకాలపు జీవితం చెక్కుచెదరకుండా నిలిచిన నగరం" అని రాస్తారు. ఇళ్ళు నిలిచిన మాట నిజమే. వాటిలో కాపురాలు చేసినవాళ్ళలో చాలామంది ఆ సైకిలు రాకముందే వెళ్ళిపోయారు. ఆ వ్యాసకర్త చూసిన గుంపులో పెద్ద భాగం ఆయనలాంటి గుంపే.

పినాంగ్‌లో నేను పని మీద కొన్ని నెలలున్నాను. 1972లో ఇంటెల్ అమెరికా బయట తన మొదటి కర్మాగారం పెట్టిన బయాన్ లెపాస్ వైపు మా ఆఫీసు. అక్కడినుంచి చూస్తే ఎదురుగా సముద్రంలో చిన్న పచ్చటి దీవి, పేరు జెరెజాక్. ఓడల మీద వచ్చిన కూలీలని ఊళ్ళోకి వదిలేముందు అంటురోగాల భయంతో నిలిపి ఉంచింది అక్కడే. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కంగాణీల వెంట మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలనుంచి వచ్చి పేరాక్‌లో బగాన్ దాతో కొబ్బరి తోటలకి, ఇతర రబ్బరు తోటలకి చేరినవాళ్ళు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసని ఆపింది. కానీ 1926లో తయారైన రజూలా అనే ఓడ మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూరుల మధ్య ఆ తరవాత మూడు దశాబ్దాలకి పైగా డెక్ ప్రయాణికులని మోస్తూనే ఉంది.

ఇక ఆ క్లింగు అన్న మాట. జార్జ్ టౌన్‌లో అందరూ ఫొటో తీసుకునే కాపితాన్ కెలింగ్ మసీదు 1801 నాటిది. కట్టించింది కాదర్ మొహిద్దీన్ అనే దక్షిణాది ముస్లిం వర్తకుల పెద్ద, తమిళుడు. కానీ కెలింగ్ అన్న మాటకి మూలం కళింగం అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే శ్రీకాకుళం తీరం కూడా ఆ మాటలో ఉంది. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగి రేవు పేరుతో కోరంగీలన్నట్టే ఇదీ. శతాబ్దాల తరబడి దక్షిణాది వాళ్ళందరికీ వాడి, ఇప్పుడు మలేషియాలో తిట్టుగా మిగిలిన మాట. మసీదు పేరులో, వీధి పేరులో మాత్రం గౌరవంగానే ఉంది. ఒక తెలుగు యాత్రికుడు ఆ బోర్డు కింద నిలబడి ఫొటో తీసుకుని, "ఇక్కడ అంతా తమిళులే, మన తెలుగువాళ్ళు లేరు" అని రాస్తే నాకు బాధేసింది. తెలుగు సంఘం ఉన్న దేశమది, నాలుగైదు తరాలుగా తెలుగు పేర్లు నిలుపుకున్న కుటుంబాలున్న దేశం.

మూడు రోజుల్లో ఇవన్నీ ఎలా తెలుస్తాయండీ, సెలవులకి వెళ్ళినవాడు పరిశోధన చేయాలా అని మీరడగొచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య గారిని చూడండి. 1830 మేలో మద్రాసునుంచి బయల్దేరి 1831 సెప్టెంబరుకి కాశీ వెళ్ళొచ్చిన మనిషి. చాలా మజిలీల్లో ఆయన ఉన్నది ఒకటి రెండు రోజులే. అయినా నీళ్ళెలా ఉన్నాయి, సరుకులేవి దొరుకుతాయి, బస ఎక్కడ, దారి ఎలాంటిది, ఎవరి అధికారం అన్నవి రాసుకున్నారు. కంపెనీ దొరల మీద ఆయనకున్న భక్తి మనకి ఇవాళ రుచించదు, కులాల మీద ఆయన అభిప్రాయాలూ అంతే. కానీ ఆయన అడిగిన ప్రశ్నలు అక్కడ బతికేవాడి ప్రశ్నలు. జార్జ్ టౌన్‌లో కాఫీ అమ్మే పెద్దాయన్ని "ఇదివరకు మీ ఇల్లెక్కడ, ఇప్పుడెక్కడ" అని అడగడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఇంగ్లీషు అక్కడ బాగానే నడుస్తుంది.

ఇందులో మనకి సొంత సంగతి ఒకటుంది. షికాగోలో డెవాన్ ఎవెన్యూ గురించి, న్యూజెర్సీలో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు గురించి ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే ఆదివారం వ్యాసాలు మీరు చదివే ఉంటారు. రంగురంగుల చీరలు, మసాలా వాసన, హారన్లు, జనం. మనం చదివి నవ్వుకుంటాం, కొంచెం చిరాకు కూడా పడతాం. ఆ చీరల కొట్టు యజమాని లీజు ఎంత, పిల్లలు ఆ కొట్టు నడుపుతారా, పైఅంతస్తులో ఎవరుంటున్నారు అని ఆ విలేకరి అడగలేదని. అడగకపోతే ఆ కొట్టు మూతపడిన రోజున సంగతి ఎవరికీ తెలియదు.

వచ్చే ఏడాది మళ్ళీ ఎవరో ఒకరు పినాంగ్ వెళ్ళొచ్చి రాస్తారు. పినాంగ్ రోడ్డు మీద చౌరస్తా బజారుంది, పేరు అదే, మన హైదరాబాదు చౌరస్తానే. ఆ మాట అంత దూరం ఎవరి నోట వెళ్ళిందో అక్కడి కొట్లవాళ్ళని అడిగి రాస్తే చదవాలని ఉంది.