ప్రళయం వేళ తలుపులు

లోకం అంతరించబోతున్నదన్న వార్త నవ్వుకు తగిన వస్తువేనా? తగినదే అంటాను. చావు యెదుట నిలిచినప్పుడు మనిషి దాచుకున్న స్వార్థం, కులగర్వం, ఆలుమగల మధ్య మూగనోములు అన్నీ బయటపడతాయి. ఐతే ఆ నవ్వు యెవరి పక్షాన నిలిచి నవ్వుతున్నదన్నదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

2012లో అమెరికాలో టాడ్ బెర్గర్ ‘ఇట్స్ ఎ డిజాస్టర్’ అనే చిత్రం తీశాడు. ఒక ఆదివారం నాలుగు జంటలు విందుకు కలుస్తాయి. విందుకు పిలిచిన దంపతులే విడాకులకు సిద్ధంగా వున్నారు. ఇంతలో నగరంలో విషవాయువు బాంబులు పేలినట్లు తెలుస్తుంది. సందులన్నిటికీ టేపు అతికించుకుని అందరూ లోపల కూర్చుంటారు. ప్రాణాలకు గంటలే గడువు వున్నా పాత దెప్పిపొడుపులు మాత్రం ఆగవు. ఆలస్యంగా వచ్చిన మరో జంట తలుపు తట్టితే యెవరూ తీయరు. కలిసి విషం తాగి చావాలనుకుంటారు గాని ఆ పనీ తిన్నగా సాగదు.

మధ్యతరగతి స్నేహాల విలువ యెంతో ఆ తియ్యని తలుపు ఒక్కటే చెబుతుంది. ఇది చిత్రానికి గల బలం. కాని చిత్రానికి ఆ తలుపు అవతల లోకమే లేదు. బాంబులు యెందుకు పడ్డాయి, వీధిలోని మిగతా జనం యేమయ్యారు అన్న ప్రశ్నలు దానికి పట్టవు. ఇల్లే లోకం. ఇల్లు కూలితే లోకం కూలినట్లే. మనిషి స్వభావమే యింత అనే నిస్పృహ ఆ నవ్వు అడుగున పేరుకుని వున్నది. దీనిని మనం అంగీకరించలేము.

ఎందుకంటే యిదే భయాన్ని వేరొక విధంగా యెదుర్కొన్న దంపతులు మన సాహిత్యంలోనే వున్నారు. 1910 మే నెలలో హేలీ తోకచుక్క తోకగుండా భూమి సాగిపోయింది. ఆ తోకలో విషవాయువు వున్నదని శాస్త్రజ్ఞులు చెప్పగా, పాశ్చాత్య నగరాలలో కొందరు తాళపుచెవి రంధ్రాలు కూడా మూసుకున్నారు. విరుగుడు మాత్రలంటూ వ్యాపారులు సొమ్ము చేసుకున్నారు. ఆ యేడే గురజాడ ‘ముత్యాల సరాలు’ ప్రచురించాడు. అందులోనూ అలిగిన భార్య వున్నది, బుజ్జగించే భర్త వున్నాడు, ఆకాశంలో తోకచుక్క వున్నది. అది కీడు కాదు, భూమికి దూరపు చుట్టం అంటాడు భర్త. సంఘ సంస్కరణకు జెండాగా దానిని చూస్తాడు. అంతరించేది లోకం కాదు, కులభేదాల పాతలోకం అన్నది ఆ చూపులోని సారం. సంభాషణలో యెక్కువ మాటలు భర్తవే కావడం, సంస్కరణకు యింటి ఆడది చెల్లించే వెల తగినంతగా వినిపించకపోవడం ఆ కవితకు గల హద్దు. ఐనా అక్కడ తలుపు మూసుకోలేదు.

ఇక మన కరీంనగర్ సంగతి. 1979 జూలైలో 77 టన్నుల స్కైలాబ్ కూలబోతున్నదని తెలిసి తెలుగు పల్లెలు వణికిపోయాయి. వున్న మేకనూ కోడినీ కోసుకు తిన్నవాళ్ళ కథలు యిప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజులను తీసుకుని 2021లో విశ్వక్ ఖండేరావు కరీంనగర్ జిల్లా బండలింగంపల్లి నేపథ్యంగా ‘స్కైలాబ్’ చిత్రం తీశాడు. ఇది జంటల కథ కాదు, వూరి కథ. పేరుకోసం తపించే విలేఖరి గౌరి, సస్పెండైన డాక్టరు ఆనంద్, అప్పుల్లో మునిగిన రామారావు — వీరి అవసరాలు ప్రళయం వస్తుందన్నా వాయిదా పడవు. ఈ హాస్యం మట్టిలోనుంచి పుట్టినది.

ఆ జనం భయాన్ని మూఢత్వమని కొట్టివేసే విద్యావంతులకు ఒక మాట. శిథిలం యెవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసాయే లెక్కకట్టింది. పైకి పంపిన నిర్ణయంలో పాలులేని పల్లెకు, పడేటప్పుడు మాత్రం భయంలో పాలు దక్కింది. చివరకు ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. మనకు తప్పింది గనుక నవ్వగలుగుతున్నాము. ఈ న్యాయాన్యాయాలను చిత్రం యింకా గట్టిగా నిలదీసివుంటే దాని నవ్వుకు పదును పెరిగివుండేది.

నేను పాఠం చెప్పే ఖానాపూర్ ప్రాంతానికి ప్రళయం ఆకాశంనుంచి రాదు, నీటిగా వస్తుంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు, గేట్లు వదలగలిగిన దానికి మించిన వరద వచ్చినప్పుడు దిగువ పల్లెలను ఖాళీ చేయించవలసివచ్చింది. అటువంటి రాత్రి ఇల్లు విడిచిన మనిషికి కావలసింది యెవరిదో ఒకరి తెరిచిన తలుపు. ఆ తలుపు కులం అడిగి తెరుచుకుంటుందా, అడగకుండా తెరుచుకుంటుందా అన్నదే మన సమాజానికి పరీక్ష.

ప్రళయహాస్యానికీ అదే గీటురాయి. మూసిన తలుపును చూపి నవ్వించడం కళే, కాదనను. కాని ఆ తలుపును మూయించినది మనిషి స్వభావం కాదనీ, మనిషి కట్టుకున్న వ్యవస్థ అనీ, కట్టినదానిని మార్చవచ్చుననీ చూపినప్పుడే ఆ నవ్వు ప్రజలదవుతుంది.