ఆంగ్ల జాతీయములు – మన యనువాదములు

ఆంగ్ల జాతీయములను మాటకు మాట తెనిఁగించుట మన వ్రాతలలో ప్రబలినది. జాతీయమున పదముల యర్థము వేఱు, రూఢి వేఱు. "కుశలుఁడు" అనఁగా దర్భలు కోయువాఁడని యిప్పు డెవ్వరు తలఁతురు?

"రూబికాను దాటుట" యనఁగా కష్టమును గడచుట యని మా విద్యార్థులు వ్రాయుదురు. అది చిన్న యేఱు. దాటుట కష్టము కాదు. ఇటలీ పొలిమేరయైన దానిని సేనతో దాటుట రోము శాసనమునకు విరుద్ధము. క్రీ. పూ. 49లో జూలియస్ సీజరు దాటెను. పిదప యుద్ధము తప్ప వేఱు దారి లేకపోయెను. కావున మరలరాని యడుగు వేయుటయే దాని భావము.

"అవ్వకు గ్రుడ్లు పీల్ప నేర్పుట" యని యొక యనువాదమునఁ జదివి మేము నివ్వెఱపోయితిమి. "తాతకు దగ్గులు నేర్పుట" మనకు లేదా?

అన్నిటిని వెలివేయుమని మేమనము. ఐరావతమును పూజించు దేశమున సయితము "తెల్లయేనుఁగు" నిష్ఫలవ్యయమను నర్థమున నిలిచినది. ఏనుఁగును పోషించుట యెంత భారమో మన మెఱుఁగుదుము గనుక.

భావము ముందు, మాట తరువాత. ఇంగ్లీషు రాని తల్లికి తెనుఁగు పత్రికయే పరభాషయైనచో మన చదువు లెవ్వరి కొఱకు?