లెక్కలో ఉన్నాం, లిస్టులో లేం

ఎన్నికలొస్తున్నాయంటే మా గల్లీకే ముందు తెలుస్తుంది. ఏడాదంతా కంపుకొట్టిన మోరీ శుభ్రమవుతుంది. శుక్రవారం నమాజు ముగించుకుని బయటికొచ్చేసరికి మసీదు గేటు దగ్గర తెల్లబట్టల పెద్దమనుషులు నిలబడి ఉంటారు. వాళ్ల నెత్తిన టోపీ మడత కూడా విప్పుకోని కొత్త టోపీ. 'భాయ్, ఈసారి మీ ఓట్లన్నీ మనకే' అంటారు. ఆ 'మన'లో మేం ఉన్నామా లేమా అని ఇన్నేళ్లుగా వెతుక్కుంటూనే ఉన్నాం.

మేమిక్కడ మాట్లాడదలచుకున్నది ఓటు గురించి కాదు, సీటు గురించి. గాలిలో మాట్లాడకుండా ఒక నియోజకవర్గాన్ని ముందు పెట్టుకుంటాం. అది జహీరాబాద్.

బీదర్ పక్కన, కర్ణాటక సరిహద్దున, చెరుకు పండే ఎర్రనేల అది. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే సంతలో వినబడతాయి. 1999లో, 2004లో అక్కడినుంచి మహమ్మద్ ఫరీదుద్దీన్ కాంగ్రెస్ తరఫున అసెంబ్లీకి గెలిచాడు. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో మైనారిటీ సంక్షేమ మంత్రిగా పనిచేశాడు. పాతబస్తీకి ఎంతో దూరంలో, మజ్లిస్ జెండా లేకుండా, అన్ని మతాలవాళ్లూ ఓటేస్తే గెలిచిన ముస్లిం ఆయన. 'ముస్లింకి టికెట్టిస్తే హిందువులు ఓటెయ్యరు' అని పార్టీలు మాకు చెప్పే సాకుకి జహీరాబాదే జవాబు. ఆ జవాబు రెండుసార్లు వినిపించింది. తర్వాత మూగబోయింది.

2008లో అమల్లోకి వచ్చిన నియోజకవర్గాల పునర్విభజనతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ సీట్లు 39 నుంచి 48కి పెరిగాయి. మెదక్ జిల్లాలో అప్పటిదాకా రిజర్వుగా ఉన్న గజ్వేల్ జనరల్ అయింది. జనరల్‌గా ఉన్న జహీరాబాద్ రిజర్వు అయింది. గజ్వేల్ ఎమ్మెల్యే గీతారెడ్డి 2009లో జహీరాబాద్‌కు వచ్చి గెలిచారు. గజ్వేల్ 2014లో తెలంగాణ తొలి ముఖ్యమంత్రిని గెలిపించింది. ఇటు వాళ్లు అటు వెళ్లారు, అటు వాళ్లు ఇటు వచ్చారు. జహీరాబాద్‌లో ముస్లింకి మాత్రం అసెంబ్లీ తలుపు మూసుకుపోయింది.

ఇక్కడే మేం జాగ్రత్తగా మాట్లాడాలి. 'దళితులు మన సీటు ఎత్తుకుపోయారు' అన్న మాట మా మధ్య చాయ్ హోటళ్లలో వినబడుతుంది. ఆ మాటని మేం ఒప్పుకోం. సీటు ఎవరి జాగీరూ కాదు. అదే జహీరాబాద్ నుంచి ఎం. బాగారెడ్డి ఏడుసార్లు గెలిచాడు. అన్నేళ్లూ దాన్ని ఫలానా కులం సీటు అని ఎవరూ అనలేదు. పస్తాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో దళిత స్త్రీలు సంఘాలు కట్టి, బీడు పడ్డ నేలల్లో జొన్న, కొర్ర పండించి, తమ విత్తనాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. వాళ్ల ఇంటి మనిషి అసెంబ్లీలో కూర్చుంటే మాకెందుకు కడుపుమంట? రొట్టెకోసం కొట్లాడుకున్న రెండు పిల్లుల కథ మాకు తెలుసు. మేం అడగాల్సింది తక్కెడ పట్టుకున్న కోతిని.

ఆ తక్కెడ ఎలా పనిచేస్తుందో చూడండి. 2002 నాటి డీలిమిటేషన్ చట్టం ప్రకారం ఎస్సీ సీట్లు రాష్ట్రంలో అన్ని వైపులా ఉండాలి, వీలైనంతవరకు ఎస్సీ జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్నచోట ఉండాలి. ఈ సూత్రంలో తప్పులేదు. కానీ ఆ నేలమీద ఇంకెవరున్నారు, వాళ్లకి అసెంబ్లీకి మరో దారి ఉందా అని అడిగే వాక్యం అందులో లేదు. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు కొన్ని ఎస్సీలకు రిజర్వు కావడాన్ని, ఎస్సీలు ఎక్కువగా ఉన్నవి కొన్ని జనరల్‌గా మిగలడాన్ని 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. అంటే అక్కడ దళితుడికీ అన్యాయమే, మాకూ అన్యాయమే.

రెండో గాయం ఇంకా లోతైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు. ముస్లింలకు, క్రైస్తవులకు తియ్యలేదు. ఎస్సీ హోదాకు మతంతో ముడి తెంపమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా ఆ ముడి తెగలేదు. తరతరాలుగా ఊరి మలం ఎత్తిన మా మెహతర్, అదే పని చేసిన హిందూ దళితుడి పక్కన నిలబడి నామినేషన్ వెయ్యలేడు. చీపురు పట్టేటప్పుడు అడగని మతాన్ని నామినేషన్ కాగితం అడుగుతుంది. జహీరాబాద్ రిజర్వు అయిన రోజున మాలోని సయ్యద్, పఠాన్ మాత్రమే కాదు, మాలోని అట్టడుగు మనిషి కూడా బయటే నిలబడ్డాడు. ఈ రెండోవాడి గురించి మా పెద్దలు ఏనాడూ కన్నీరు పెట్టలేదు. అది మా సిగ్గు.

ఇక మిగిలిన సీట్ల సంగతి. తెలంగాణ అసెంబ్లీలో 119 సీట్లుంటే ఎస్సీలకు 19, ఎస్టీలకు 12 పోగా 88 జనరల్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ నేలమీద మేం నూటికి దాదాపు 13 మందిమి. ఆ నిష్పత్తిన లెక్కేస్తే 15 మంది ఎమ్మెల్యేలుండాలి. 2014లో, 2018లో ఎనిమిది మంది గెలిచారు. ఏడుగురు మజ్లిస్ వాళ్లు, ఒకరు బోధన్ నుంచి టీఆర్ఎస్ అభ్యర్థి. 2023లో ఆ ఒక్కరూ ఓడిపోయారు. మిగిలిన ఏడుగురూ హైదరాబాద్ వాళ్లే. రాజధాని దాటితే రాష్ట్రం మొత్తం మీద సున్నా.

ఆ ఎన్నికల్లోనే రేవంత్ రెడ్డి కామారెడ్డిలో పోటీకి దిగడంతో, 2018లో అక్కడ పోటీచేసిన షబ్బీర్ అలీ నిజామాబాద్ అర్బన్‌కి మారాల్సివచ్చింది. రెండుచోట్లా బీజేపీ గెలిచింది. కాంగ్రెస్ సర్కారు ఒక్క ముస్లిం మంత్రి కూడా లేకుండా ఏర్పడింది. దాదాపు రెండేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 31న, అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశాడు. జూబ్లీహిల్స్ ఉపఎన్నిక పోలింగ్‌కి అది పదకొండు రోజుల ముందు. 2023లో ఆయన పోటీచేసి ఓడిన సీటు అదే. ఉపఎన్నికలో టికెట్ మాత్రం ఇంకొకరిది. సీటు ఇవ్వలేని చోట పదవి ఇచ్చారు. పదవి దయ, సీటు హక్కు. దయ ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు.

ఆంధ్రప్రదేశ్ కథ వేరేం కాదు. 2014లో గెలిచిన నలుగురు ముస్లింలూ ప్రతిపక్షం వాళ్లు. తెలుగుదేశం ప్రభుత్వంలో ముస్లిం మంత్రి కోసం 2018 నవంబర్ దాకా ఎదురుచూడాల్సివచ్చింది. 2024లో 175 మందిలో ముగ్గురం.

సెక్యులర్ మిత్రులు మమ్మల్నొక ప్రశ్న అడుగుతారు. 'ముస్లింకి ముస్లిమే ప్రతినిధి కావాలా? ఇది మళ్లీ వేరు నియోజకవర్గాల దారి కాదా?' ప్రేమతోనే అడుగుతారు. అయినా గుచ్చుకుంటుంది. రెడ్డికి రెడ్డి, కమ్మకి కమ్మ టికెట్టిస్తే అది సామాజిక సమీకరణం. మేం అడిగితే మతతత్వం! మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వేషన్ ఉండాలన్న ముసాయిదాని 1949లో రాజ్యాంగ సభ వదులుకుంది. మెజారిటీ ప్రజల మంచితనం మీద నమ్మకం పెట్టుకోమని మాకు చెప్పారు. పెట్టుకున్నాం. ఆ నమ్మకాన్ని పార్టీల టికెట్ లిస్టుల్లో చూపించమంటున్నాం, అంతే. జహీరాబాద్ హిందువు రెండుసార్లు చూపించాడు. చూపించనిది పార్టీ ఆఫీసు.

మా ఇల్లు కూడా చూసుకోవాలి. 1952లోనే శాలిబండ నుంచి మాసూమా బేగం అసెంబ్లీకి గెలిచింది. తెలంగాణ అసెంబ్లీకి 2014, 2018, 2023లో జరిగిన మూడు ఎన్నికల్లో ఒక్క ముస్లిం స్త్రీ కూడా గెలవలేదు. మజ్లిస్ పంపిన ఏడుగురిలో ఆడమనిషి లేదు. ఖౌమ్ పేరు చెప్పి అడిగే వాటాలో మా అమ్మలకు, దూదేకులకు, మెహతర్లకు వాటా లేకపోతే మేం అడిగేది న్యాయం కాదు, పెత్తనం.

2027 జనాభా లెక్కల వెనకే కొత్త పునర్విభజన మాట నడుస్తోంది. మళ్లీ గీతలు గీస్తారు, మళ్లీ తక్కెడ పైకి లేస్తుంది. ఈసారి గీత గీసే ముందే మేమూ దళితులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నిష్పత్తి చూసి రిజర్వు చెయ్యమని, 1950 ఉత్తర్వులోని మతం వాక్యం తీసెయ్యమని, జనరల్ సీట్లలో మా వాటా టికెట్లు మాకిమ్మని ఒకే గొంతుతో అడగాలి.

వచ్చే శుక్రవారం మసీదు గేటు దగ్గర కొత్త టోపీ కనబడితే సలాం చెప్తాం. అది మా అదబ్. ఆ తర్వాత ఓటర్ల లిస్టు కాదు, అభ్యర్థుల లిస్టు చూపించమంటాం.