కంప్యూటరునకు తెలుగు వచ్చినదా?

కంప్యూటరు మన జీవితమును మార్చివేసినదను మాట నేడు ప్రతివారి నోటను వినబడుచున్నది. రైలు టిక్కెట్టు మొదలు పరీక్షా ఫలితముల వరకు ఈ మాటకు నిదర్శనములు చూపవచ్చును. కాని ఇట్టి పొగడ్తలో ఒక లోపము కలదు. ఏది మారినది, ఎట్లు మారినది, ఆ మార్పువలన ఎవరికేమి లభించినది అను ప్రశ్నలను అది అడుగదు. విజ్ఞానశాస్త్రము చదువుకొనువారు ఒక యంత్రమును మెచ్చుకొనుటకు ముందు అది పనిచేయు తీరును పరిశీలింపవలెను. ఇందుకు మనకు మిక్కిలి దగ్గరగా నున్న విషయమునే తీసికొందము. అది తెలుగు వ్రాత. కంప్యూటరు తెరపై తెలుగు కనబడుచున్నది; కనుక కంప్యూటరునకు తెలుగు వచ్చినదని మనము తలచుచున్నాము. తెరపై కనబడుట నిజమే. కాని అది వచ్చినదనుట అన్ని వేళల నిజము కాదు. ఈ తేడా తెలియకపోవుటచే మనము చాల నష్టపోవుచున్నాము.

సీసపు అక్షరముల కాలము

పూర్వము అచ్చు పని ఎట్లు జరిగెడిదో నేటి విద్యార్థులు చూచియుండరు. కంపోజిటరు ఎదుట గళ్లు గళ్లుగా నున్న పెట్టె ఉండెడిది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సీసపు అచ్చు. ఇంగ్లీషునకు పెద్దబడి, చిన్నబడి కలిసి 52 అక్షరములు. వానికి తోడు అంకెలు, విరామ చిహ్నములు. తెలుగునకు అట్లు కాదు. గుణింతపు రూపములు, వత్తులు కలిసి గళ్ల సంఖ్య వందలకు చేరును. కంపోజిటరు ఆ గళ్ల స్థానములను కంఠస్థము చేసి, అక్షరములను తలక్రిందుగా పేర్చి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, అచ్చు ముగిసిన పిమ్మట సీసమును విడదీసి మరల గళ్లలో వేయవలెను. పాఠశాలలలోనైతే ప్రశ్నపత్రమునకు స్టెన్సిల్ కాగితముపై వ్రాసి సైక్లోస్టైల్ యంత్రముపై ప్రతులు తీసెడివారు.

1990 తరువాతి సంవత్సరములలో డి.టి.పి. మన ముద్రణాలయములలో వ్యాపించుటతో ఈ శ్రమ తొలగినది. ఒక రోజు పని ఒక పూటలో ముగియుచున్నది. తప్పు దిద్దుటకు పుటనంతయు విప్పనవసరము లేదు. సీసపు ధూళి కార్మికుల ఊపిరితిత్తులకు దూరమైనది. కంపోజిటర్లలో కొందరు కీబోర్డు నేర్చుకొనిరి. తక్కినవారికి పని పోయినది. ఈ మార్పును గూర్చి పొగడ్తలు చాల వచ్చినవి. కాని ఆ డి.టి.పి. తెలుగునకు చేసినదేమో చూతము.

యంత్రమునకు తెలిసినది సంఖ్య ఒక్కటే

కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్య తెలియును. కనుక ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య నియమింపవలెను. అమెరికాలో 1963లో ఏర్పరచిన ఆస్కీ అను సంకేత పట్టికలో 128 స్థానములు కలవు. అందు ఇంగ్లీషు పెద్ద అక్షరము 'ఎ'కు 65వ సంఖ్య. తరువాత 8 బిట్ల పద్ధతిలో స్థానములు 256 అయినవి. కాని ఈ పట్టికలలో తెలుగునకు చోటు లేదు.

అప్పుడు తెలుగు ఫాంటులు చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. సంఖ్యలను అట్లే ఉంచి, వానికి చెందిన బొమ్మలను మార్చిరి. 65వ సంఖ్య వచ్చినచోట ఇంగ్లీషు 'ఎ' బొమ్మకు మారుగా ఒక తెలుగు అక్షరమునో, తలకట్టునో, వత్తునో గీయునట్లు చేసిరి. వందలాది తెలుగు రూపములు 256 స్థానములలో ఇముడవు గనుక అక్షరములను ముక్కలు చేసి, ఆ ముక్కలను తెరపై అతికిరి. కాగితముపై అచ్చైన పుట ముచ్చటగా నుండును. కాని యంత్రములో నున్నవి ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలే. యంత్రము తాను తెలుగు వ్రాయుచున్నానని ఎరుగదు.

పైగా ఏ ముక్కను ఏ సంఖ్యవద్ద ఉంచవలెనో ఒక్కొక్క సంస్థ తన ఇచ్చవచ్చినట్లు నిర్ణయించుకొనెను. ఒక సంస్థ ఫాంటుతో వ్రాసిన ఫైలు మరియొక ఫాంటుతో తెరచినచో అర్థములేని ముక్కలు కనబడును. ఏ తెలుగు ఫాంటును లేని యంత్రముపై ఇంగ్లీషు అక్షరములు, విచిత్ర చిహ్నములు కలగాపులగముగా ప్రత్యక్షమగును. తాళమును ఎవరికి వారు చేయించుకొన్న గదుల వలె మన పుస్తకములు తయారైనవి.

ఒప్పందమువలన వచ్చిన మార్పు

దీనికి విరుగుడు వేగము హెచ్చిన యంత్రము కాదు, మనుష్యులు చేసికొను ఒప్పందము. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఇస్కీ అను ప్రమాణమును వెలువరించినది. భారతీయ లిపులన్నిటికిని ఒకే వరుసలో సంఖ్యలు నియమించుట దాని ఆశయము. అదే సంవత్సరమున ప్రపంచ లిపులన్నిటికి ఉద్దేశింపబడిన యూనికోడ్ ప్రమాణపు తొలి కూర్పు వెలువడినది. అందు భారతీయ లిపుల వరుస ఇస్కీ మార్గమునే అనుసరించినది. తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు లభించినవి.

ఇందులో 'క'కు 3093, 'త'కు 3108, 'ల'కు 3122. ఉకారపు కొమ్మునకు 3137. 'తెలుగు' అను మాట యంత్రములో 3108, 3142, 3122, 3137, 3095, 3137 అను ఆరు సంఖ్యల వరుసయై నిలుచును. 'క్ష' అను సంయుక్తాక్షరమునకు ప్రత్యేక సంఖ్య లేదు. క (3093), పొల్లు (3149), ష (3127) అను మూడు సంఖ్యలు వరుసగా వచ్చినపుడు, వానిని కలిపి 'క్ష' అని గీయవలెనని ఫాంటులోని నియమములు చెప్పును. అనగా అక్షరము వేరు, దాని బొమ్మ వేరు. ఫాంటు మార్చినను అక్షరము మారదు. ఇదియే ఈ పద్ధతిలోని కీలకము.

గణితోపాధ్యాయులకు నచ్చు విశేషమొకటి ఇందు కలదు. తెలుగు 'క' 3093 కాగా కన్నడ 'క' 3221. తేడా 128. 'త'కును, 'ల'కును ఇదే తేడా. 'తెలుగు' అను మాటలోని ఆరు సంఖ్యలకును 128 చొప్పున కూడినచో అదే మాట కన్నడ లిపిలో వచ్చును. 768 తీసివేసినచో దేవనాగరిలో వచ్చును. మన లిపుల బంధుత్వమును ఇంత తేటగా కూడికలో చూపుట సీసపు అక్షరములకు సాధ్యము కాదు.

ఈ ఒప్పందము ఊరక ఉండలేదు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి తోడనే ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు లభించినది. 2003లో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. నేడు చేతిలోని ఫోను సైతము యూనికోడ్ తెలుగును వ్రాయగలదు, చూపగలదు, వెదకగలదు. కంప్యూటరునకు తెలుగు వచ్చినదని చెప్పదగినది ఇక్కడనే.

ప్రమాణములోని కొరతలు

ప్రమాణమన్నంతనే అది నిర్దోషమని భావింపరాదు. యూనికోడ్‌లో 'ళ' సంఖ్య 3123, 'వ' సంఖ్య 3125. సంఖ్యల వరుసనుబట్టియే మాటలను పేర్చినచో 'ళ' వకారమునకు ముందు వచ్చును. మన వర్ణమాలలోనైతే 'ళ' హకారమునకు పిదప వచ్చును. కావున నిఘంటువు చేయువారు వేరొక నియమమును యంత్రమునకు నేర్పవలెను. లిపులన్నిటిని ఒకే వరుసలో కూర్చుటకై ఒక్కొక్క భాషయు చెల్లించిన మూల్యమిది.

చోటు విషయమున కూడ వ్యత్యాసము కలదు. నేడు విరివిగా వాడుకలోనున్న పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. ఒక ఎస్.ఎం.ఎస్. లో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టగా తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును.

అక్షరములను కలిపి గీయు నియమములు సంక్లిష్టములగుటచే పొరపాట్లును జరుగును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము నడుమ కంటికి కనబడని ఒక సంకేతము చేరిన కూర్పు ఐఫోను తెరపైకి వచ్చినంతనే దానిని చూపు కార్యక్రమము ఆగిపోవుచుండెను. ఆపిల్ సంస్థ అదే నెలలో దానిని సవరించినది. పాత అచ్చు పుస్తకములలో కనబడు నకారపొల్లునకు యూనికోడ్‌లో ప్రత్యేక స్థానము 2021లో గాని లభింపలేదు.

అయినను ఈ కొరతలకును, బొమ్మ అక్షరముల కొరతకును భేదము కలదు. ప్రమాణములోని లోపము పదిమందికి తెలియును, చర్చింపబడును, సవరింపబడును. ఎవరికి వారు చేసికొన్న పద్ధతిలోని లోపమును దిద్దుటకు ఎవరికిని అధికారము లేదు.

నష్టము ఎవరికి?

ఇంత జరిగినను నేటికిని పలు ముద్రణాలయములలో పాత పద్ధతి ఫాంటులే వాడుకలో నున్నవి. కాగితముపై చదువువానికి తేడా కనబడదు గనుక ఎవరును ప్రశ్నింపరు. నష్టపోవువారు వేరుగా నున్నారు.

ఒక విద్యార్థి 'కిరణజన్య సంయోగక్రియ' అను మాట పుస్తకములో ఎచ్చట కలదో వెదకగోరెననుకొందము. పాత ఫాంటుతో కూర్చిన ఫైలులో ఆ మాట యంత్రమునకు కానరాదు. చూపులేని విద్యార్థికి తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనములు నేడు తెలుగునకు కూడ కలవు. అవి యూనికోడ్ పాఠమును చదువును. బొమ్మ అక్షరముల పుటలో వానికి దొరకునది అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరముల వరుస. పుస్తకము ఎదుటనే యుండును, కాని ఆ విద్యార్థికి మూసిన తలుపే. ఒక ఉపాధ్యాయుడు పదియేండ్లు శ్రమించి కూర్చుకొన్న ప్రశ్నల నిధి, ఆ ఫాంటు లేని క్రొత్త యంత్రమునకు మారిననాడు పనికిరాకుండ పోవును. తెలుగును యంత్రములచే అనువదింపజేయుటకు, పలికించుటకు పూనుకొనువారికి కావలసినది సంకేతములుగా నున్న పాఠము. మన భాషలో అచ్చైనది చాల. అట్లు లభించునది కొంచెము.

ముద్రాపకుల వాదమును కూడ వినవలెను. పాత పద్ధతిలో అందమైన ఫాంటులు అనేకము కలవు. కూర్పరుల వ్రేళ్లకు ఆ కీబోర్డు అలవాటైనది. పుటలు తీర్చు పాత కార్యక్రమములు యూనికోడ్ తెలుగును సరిగా చూపవు. ఇవి నిజమైన ఇబ్బందులే. కాని అవి క్రొత్త ఫాంటులు చేయించుటకును, క్రొత్త కార్యక్రమములు నేర్చుటకును కారణములు గాని, పాతదానినే పట్టుకొని యుండుటకు కారణములు కావు. పాత పాఠమును యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు కలవు. మార్చిన పిదప ఒకమారు ప్రూఫు చూచుట మాత్రము అవసరము.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విషయమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. ఏదేని తెలుగు ఫైలును తెరచి, ఒక మాటను ఎత్తి, ఫోనులోని సందేశపు గడిలో అతికించి చూడవలెను. మాట తెలుగుగానే నిలిచినచో అది యూనికోడ్. ఇంగ్లీషు అక్షరముల ముద్దగా మారినచో అది బొమ్మ అక్షరము. ఎత్తుటకే వీలుకానిచో అది పుట యొక్క ఛాయాచిత్రము మాత్రమే. పాఠశాలలోని ప్రశ్నపత్రములు, ప్రకటనలు, వార్షిక సంచిక ఈ మూడింటిలో ఏ తెగకు చెందునో ఒక పట్టికగా వ్రాసిన యెడల, కంప్యూటరు మన పనిని ఎంతవరకు మార్చినదో ఆ పట్టికయే చెప్పగలదు.

యంత్రము చేతిపనిని తగ్గించుట మొదటి మెట్టు. దానిని తెలుగు దేశము ఎన్నడో ఎక్కినది. వ్రాసినది నిలిచి, వెదకినవానికి దొరకి, చూపులేనివానికి సైతము వినబడుట రెండవ మెట్టు. దానికి వలసిన ప్రమాణము సిద్ధముగా నున్నది, ఫోనులో కీబోర్డు సిద్ధముగా నున్నది. రాబోవు పరీక్షకు ప్రశ్నపత్రము కూర్చు ఉపాధ్యాయుడు దానిని యూనికోడ్‌లో కూర్చినచో ఆ మెట్టుపై ఒక అడుగు పడినట్లే.