పరభాషలో దొరికిన స్వరం: పాల్ టిల్లిక్ ప్రసంగాలు

1933లో నాజీ ప్రభుత్వం ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలోని ఆచార్య పదవి నుండి తొలగించగా, పాల్ టిల్లిక్ 47వ ఏట న్యూయార్క్ చేరి యూనియన్ సెమినరీలో ఆంగ్లంలో బోధించడం నేర్చుకున్నారు. 1948లో వెలువడిన ఆయన ప్రసంగ సంపుటి ‘ది షేకింగ్ ఆఫ్ ది ఫౌండేషన్స్’ ఆ ప్రవాస ఫలమే. శ్రోతలలో సంఘానికి వెలుపలివారు అనేకులు. వారికి అర్థమయ్యేలా పాపాన్ని ‘ఎడబాటు’ అనీ, కృపను ‘అంగీకరింపబడుట’ అనీ తేట మాటలలో వివరించారు.

అయితే ఇక్కడొక ప్రమాదమున్నది. ఎడబాటు అందరిదీ అన్నప్పుడు, వెళ్లగొట్టినవాడూ వెళ్లగొట్టబడినవాడూ ఒకే మాటలో కలిసిపోవచ్చు. కెబారు నది దగ్గర యెహెజ్కేలు చెరపట్టబడిన సంవత్సరాన్ని లెక్కించి చెప్పాడు. యెరూషలేము దోషాన్ని పేరుపెట్టి ప్రవచించాడు. టిల్లిక్ కూడా 1942-44 మధ్య ‘వాయిస్ ఆఫ్ అమెరికా’ ద్వారా స్వజనులకు పంపిన జర్మను ప్రసంగాలలో యూదులపై జరిగిన హింసను నేరుగా ఖండించారు.

కాబట్టి బోధకులు ఈ రెండింటినీ కలిపి చదవాలి. అన్యాయాన్ని పేరుపెట్టి చెప్పకుండా కృపను ప్రకటిస్తే, గాయపరచినవాడు ఆ కృప చాటున దాగుకొంటాడు. గాయపడినవాడికి ఓదార్పు దొరకదు.