అగ్నికి సాక్షి అగ్నే

కూర్మన్నపాలెం పక్కనే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులు మూడు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగేటప్పుడు వాటి పైనుంచి వచ్చే గ్యాసును గాలికి వదలరు. దుమ్ము తీసి, లావుపాటి గొట్టాల్లో మళ్లించి ఇంధనంగా వాడుకుంటారు. అందులో సుమారు ఐదోవంతు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, పీలిస్తే ప్రాణం తీస్తుంది. బర్నరులో మంట ఆరిపోయి గ్యాసు మాత్రం వస్తూనే ఉంటే అటు విషం, ఇటు పేలుడు. అందుకే ఈ పనిలో మంట పెట్టడం కంటే మంట ఉందో లేదో కనిపెట్టి ఉండటమే పెద్ద విద్య.

ఆ విద్యకు చిన్న రూపం అమెరికా ఇళ్ల బేస్‌మెంట్లలో, ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసుల్లో ఉంది. చలికాలంలో అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన, కర్మాగారం టౌన్‌షిప్ ఉక్కునగరంలోని అమ్మానాన్నలు వాటి చప్పుడు వినే ఉంటారు. ముందు చిన్న ఫ్యాను గిర్రుమంటుంది, కాసేపటికి భుస్సుమని మంట, ఆ తర్వాత వెచ్చటి గాలి.

పూర్వం ఈ ఇంటి ఫర్నేసుల్లో ఒక పైలట్ మంట రాత్రింబగళ్లు వెలుగుతూ ఊరికే గ్యాసు తాగేది. ఇప్పుడు చాలావాటిలో దాని చోట వేలెడంత ఇగ్నైటర్ ఉంది. సిలికాన్ కార్బైడ్ లేదా సిలికాన్ నైట్రైడ్ ముక్క. కరెంటు పారితే ఎర్రబడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. కార్బైడ్ రకం మహా పెళుసు. వేళ్ల జిడ్డు అంటినా పాడవుతుందని మెకానిక్‌లు దాని పింగాణీ మొదలే పట్టుకుంటారు.

వాల్వు తెరిచాక గడువు కొద్ది సెకన్లే. ఆలోపు మంట రుజువు కాకపోతే గ్యాసు బంద్. రుజువు చేసేది మంటలోకి చాచిన సన్నటి లోహపు కడ్డీ. అసలు తెలివంతా ఇక్కడే. మంటలో ఎలక్ట్రాన్లు, అయాన్లు పుడతాయి కాబట్టి దాని గుండా కరెంటు పారుతుంది. కడ్డీకి ఏసీ ఇస్తారు. కడ్డీ చిన్నది, ఎదురుగా ఎర్త్ అయిన బర్నరు పెద్దది. ఎలక్ట్రాన్లు చురుకు, అయాన్లు బరువు. దాంతో కరెంటు ఒక దిశలో బాగా పారి, రెండో దిశలో అంతంతమాత్రంగా పారుతుంది. ఏసీ కాస్తా కొన్ని మైక్రోఆంపియర్ల డీసీగా తేలుతుంది. తీగ ఒరుసుకుని ఎర్త్ అయినా, తేమ పట్టి కరెంటు కారినా అది రెండువైపులా సమానంగానే పారుతుంది, డీసీ పుట్టదు. దొంగ సాక్ష్యం చెల్లదన్నమాట!

కడ్డీకి పొర పట్టి సిగ్నల్ తగ్గితే మంట ఉన్నా ఫర్నేస్ ఆగిపోతుంది. చలిలో విసుగే గానీ, పొరపాటు భద్రత వైపే జరిగింది. కరెంటు తీసేసి సన్నటి స్టీల్ ఊలుతో రుద్దితే చాలాసార్లు దారికొస్తుంది.

ఇదే కడ్డీని బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు దగ్గర నమ్మలేం. అయాన్లు పుష్కలంగా పుట్టాలంటే హైడ్రోకార్బన్లు కాలాలి. ఆ గ్యాసులో అవి దాదాపు లేవు. అలాంటి చోట మంట నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను పసిగట్టే స్కానర్లు అక్కరకొస్తాయి.

మరి మన వంటింట్లో? మామూలు గ్యాస్ పొయ్యిలు చాలావాటికి ఏ కాపలా లేదు. పాలు పొంగి మంట ఆరితే గ్యాసు వస్తూనే ఉంటుంది. మంట వేడికి థర్మోకపుల్‌లో పుట్టే కొన్ని మిల్లీవోల్టులతోనే వాల్వును తెరిచి ఉంచి, మంట ఆరగానే మూసేసే ఏర్పాటు ఉన్న పొయ్యిలూ దొరుకుతున్నాయి. ఈసారి పొయ్యి కొనేటప్పుడు, గాజు పలక మెరుపు చూసే ముందు, ‘ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ ఉందా?’ అని అడగండి.