స్వీయచరిత్రమున "మొదటి" యను మాట

కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) స్వీయచరిత్రమునఁ దమ రచనలను లెక్కించుచు, తెలుఁగున మొదటి వచనప్రబంధమును, మొదటి నాటకానువాదమును దామే కావించితిమని చెప్పుకొనిరి. ఇట్టివే మఱికొన్ని "మొదటి"వి యందుఁ గలవు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునను, దాని నానుకొనియున్న తార్నాకలోను బరీక్షలకుఁ జదువుకొను విద్యార్థు లీ మాటనే యిప్పటికిని వల్లించుచున్నారు. పంతులుగారియెడ గౌరవము వేఱు. వారి వాక్యమునకుఁ బ్రామాణ్యము వేఱు. రెండవదానినే యిచట విచారింతము.

"మొదటి" యనునది సాపేక్షశబ్దము. పూర్వాదిశబ్దము లవధి నపేక్షించునని వైయాకరణు లెఱుఁగుదురు. ఏ జాతిలో మొదటిది? వ్రాఁతకా, అచ్చునకా? అవధి చెప్పనిచో వాక్యము సాకాంక్షమై నిలుచును.

అచ్చే యవధి యందము. రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందుఁ బ్రకటింపఁబడ నారంభించి, 1880లోఁ బుస్తకరూపమునఁ దాల్చెను. నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజచరిత్రము 1872లోనే వెలువడెను. నాటకానువాదమునకు వత్తము. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి నరకాసురవిజయవ్యాయోగము సంస్కృతమునుండి తెనిఁగింపఁబడినది. అదియు 1872 నాఁటిదే. వీరేశలింగముగారి శాకుంతలము దాని తరువాతిది.

ఇచటఁ బూర్వపక్షి యిట్లనును: "సెట్టిగారి గ్రంథమునఁ గథాసంవిధానము సడలినది, అది నవల గాదు." గుణము వేఱు, పౌర్వాపర్యము వేఱు. కల్పితకథయు, వచనరచనయు, జనుల యాచారవ్యవహారముల వర్ణనయు నవలకు లక్షణమైనచో శ్రీరంగరాజచరిత్రమును లక్ష్యమే యగును. సెట్టిగారు దానికి నవీనప్రబంధమని పేరిడిరి. పంతులుగారు తమదానిని వచనప్రబంధమనిరి. నామభేదమాత్రమున వస్తుభేదము సిద్ధింపదు.

అట్లయినఁ బంతులుగా రసత్యము పలికిరా? అట్లనరాదు. తాము చేసినదానికి వారు ప్రత్యక్షసాక్షులు. ఇతరులు చేయలేదనుటకుఁ గారు. అది యనుపలబ్ధిమాత్రము. ఉన్నచోఁ దప్పక కనఁబడవలసిన వస్తువు కనఁబడనప్పుడే యనుపలబ్ధి యభావమును సాధించును. ఒక యూర నచ్చైన పుస్తకము వేఱొక యూరివాని కంటఁ బడకుండుట యా కాలమున వింత గాదు.

తమ రచనను గూర్చిన మాటనైనను గ్రంథముతో సరిపోల్చియే గ్రహింపవలయును. గోల్డుస్మిత్తు నవలను దెనిఁగింపఁబూని, విడిచి, స్వతంత్రకథను వ్రాసితిమని వారు చెప్పిరి. కాని కలిగిన కుటుంబము చెడుట, ఇల్లు విడుచుట, చెఱసాల, మాఱురూపమున మెలఁగిన ప్రభువు తుదకు రక్షకుఁడగుట—ఇవి రెంటను గలవు. అనువాదము విడువఁబడినను నీడ విడువలేదు. ఇంతమాత్రమునఁ గర్తృత్వము పోదు. గొడ్డలి సాధనమైనను నఱకువాఁడే కర్త; పెద్దాపురపు రాజ్యము, తెలుఁగింటి మూఢాచారములు, ఆ వచనధార పంతులుగారివే.

ఆంధ్రకవుల చరిత్రమున శాసనములను, కృత్యవతారికలను సాక్ష్యముగాఁ గొని, కవులను గూర్చిన కట్టుకథలను బరీక్షించినవారు వీరేశలింగముగారే. ఆ త్రాసున వారి వాక్యమును దూఁచుట వారి మార్గమును బట్టుటయే కాని ధిక్కరించుట గాదు.

కావున బడిపండితులకు నా విన్నపము. "మొదటి నవల రాజశేఖరచరిత్రము" అని యొక్కవాక్యమున ముగింపక, ముందుగ నచ్చైనది శ్రీరంగరాజచరిత్రమనియు, జనులచేఁ జదివించి నవలకు నిలుకడ గల్పించినది రాజశేఖరచరిత్రమనియు రెండు వాక్యములు చెప్పుదురు గాక. చింతామణి పత్రికవారి నవలాపోటీలవలనఁ బంతులుగారు కొత్తరచయితలను బ్రోత్సహించిన విషయమును దానికిఁ జేర్పవచ్చును. స్థాపకుఁడను పేరు వారికిఁ జాలును. మొదటివాఁడను పేరు వారికే యిచ్చినచో సెట్టిగారు, కొక్కొండవారు మన పిల్లల పుస్తకములనుండి తొలఁగిపోవుదురు. ఆ నష్టమును దీర్చువా రెవ్వరు?